మూడు సెకన్ల ఓపిక

ఏడాదిన్నర పాప చెంచా కింద పడేస్తుంది. మీరు తీసిస్తారు. మళ్లీ పడేస్తుంది. పదోసారికి మీకు విసుగొస్తుంది గానీ పాపకు రాదు. మనం అల్లరి అనుకుంటాం. పాప మాత్రం ఒక సంగతి తేల్చుకుంటోంది: ప్రతిసారీ కిందికే పోతోందా? ప్రతిసారీ చప్పుడొస్తోందా? (మీ ముఖం ఎప్పుడు మారుతుందో చూడటం కూడా అందులో భాగమే లెండి.)

2015లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎయిమీ స్టాల్, లీసా ఫీగెన్సన్ ఒక ప్రయోగం ప్రచురించారు. 11 నెలల పిల్లలకు చిన్న గారడీ చూపించారు. బొమ్మ కారు గోడలోంచి దూరి వెళ్లినట్టు కొందరికి, కింద ఏ ఆధారమూ లేకుండా గాల్లో నిలిచినట్టు మరికొందరికి. తర్వాత ఆ కారును చేతికిచ్చారు. గోడలోంచి పోవడం చూసినవాళ్లు దాన్ని బల్లకేసి కొట్టి చూశారు. గాల్లో నిలవడం చూసినవాళ్లు కింద పడేసి చూశారు. అనుమానం ఎక్కడొచ్చిందో అక్కడే పరీక్ష పెట్టారన్నమాట, ఇంకా మాటలైనా సరిగా రాని వయసులో!

మరి ఇలాంటి చిన్నపిల్లలకు సైన్స్ చెప్పే టీచర్ పనేమిటి? ఇక్కడే చిక్కు. 2011లో పరిశోధకురాలు ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం నాలుగు తమాషాలున్న కొత్త బొమ్మనొకదాన్ని బడికి వెళ్లే ముందు వయసు పిల్లల ముందు పెట్టింది. ‘చూడు, ఇదిలా పనిచేస్తుంది’ అని అందులో ఒక్కటే నేర్పిస్తే పిల్లలు చాలావరకు దానితోనే సరిపెట్టుకున్నారు. ఎవరూ నేర్పని పిల్లలు మిగతావీ వెతికారు. నేర్పడమే తప్పని కాదు. పెద్దవాళ్లు చూపించింది ఒక్కటే అంటే ఉన్నదీ ఒక్కటే అని పిల్లలు అర్థం చేసుకుంటారు. అదీ తెలివైన ఊహే.

అందుకే శిక్షణలో టీచర్లకు పాఠ్యాంశాలు బట్టీ పట్టించడం దండగ అని నాకనిపిస్తుంది. చాలామందికి సైన్స్ అనగానే టెన్షన్. పిల్లవాడు ఏం అడుగుతాడో, తనకు తెలియకపోతే ఎలా అని. ముందు వాళ్ల ముందే ఒక నీళ్ల తొట్టి పెట్టాలి. బరువైనది మునుగుతుందని నమ్మేవాళ్లకు పెద్ద చెక్కముక్క, చిన్న గులకరాయి ఇవ్వాలి. నీళ్లలో కరగని బంకమట్టిని ముద్దగా వేయిస్తే మునుగుతుంది, గిన్నెలా ఒత్తి పెడితే తేలుతుంది. బరువు అదే, పక్కకు తోసే నీళ్లే ఎక్కువయ్యాయి. ఈ ఆశ్చర్యం టీచర్‌కు కలిగాక పిల్లల దగ్గర జవాబు తొందరగా చెప్పేయాలనిపించదు.

ఆ తొందర ఎంతటిదో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే కొలిచారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎదురు ప్రశ్నలు పెరిగాయి. ఆమె చూసింది కాస్త పెద్ద పిల్లల్నే. రెండు మూడేళ్ల వాళ్లకు ఇంకా ఎక్కువ సమయమే పట్టవచ్చు.

ప్రశ్న కూడా మార్చాలి. ‘ఎందుకు మునిగింది?’ అంటే మూడేళ్ల పిల్ల బిత్తరపోతుంది. ‘దీన్ని తేలేలా చేద్దామా?’ అంటే చేతులు ముందుకొస్తాయి. ఆ తొట్టిలో నీళ్లు నాలుగు వేళ్ల లోతే ఉన్నా పెద్దవాళ్లు మాత్రం పక్కనుంచి కదలకూడదు.