సిస్టర్ తిడుతుందని అడగడం మానేశారా? క్లినికల్స్ గురించి అపోహలు, వాస్తవాలు

నర్సింగ్ విద్యార్థులకి క్లినికల్స్, అంటే ఆసుపత్రి వార్డుల్లో పోస్టింగ్, మొదలైన వారంలోపే ట్యూటర్‌నైన నా దగ్గరికి ఒక మాట వచ్చి తీరుతుంది. "మేడమ్, నాకు ఆ వార్డు వద్దు. అక్కడి సిస్టర్ ఊరికే అరుస్తుంది." బ్యాచ్‌లు మారుతున్నాయి గానీ ఈ మాట మారడం లేదు. ఈసారి మాత్రం దాని వెనకాల ఉన్నది కూడా బయటపడింది.

సెకండ్ ఇయర్ అమ్మాయి రాసిన టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులు తిరగేస్తున్నాను. పన్నెండు మంది పేషెంట్లు. పన్నెండు మందికీ రెస్పిరేషన్ 20. తొమ్మిది మందికి బీపీ 120/80. ఆ తొమ్మిది మందిలో ఒకాయన అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్నాడు. నేను వెళ్లి చూస్తే 170/100 ఉంది. "ఇదేంటమ్మా?" అన్నాను. "బీపీ వినపడలేదు మేడమ్. సిస్టర్‌ని అడిగితే స్టెత్ పెట్టుకోవడం కూడా రాదా అంటుందని..." తర్వాతదంతా ఏడుపే.

అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సిస్టర్ కోపిష్టి అయితే ఏమీ అడక్కుండా మన పని మనం చేసుకుపోవడమే మేలు.

సీనియర్లు హాస్టల్లో జూనియర్లకి ఇచ్చే మొదటి సలహా ఇదే. క్లినికల్స్‌లో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా నేను వినలేదు. దీనికి నేనే సాక్ష్యం.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాదిలో ఉన్నాను. ఒక ప్రభుత్వాసుపత్రి ఫిమేల్ మెడికల్ వార్డు, ఈవినింగ్ డ్యూటీ. ఆ రోజు నాలుగింటికే ఒక చీవాటు తిన్నాను. కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) ఫిక్స్ చేసే ప్లాస్టర్ ఎక్కడుందని అడిగితే, "నెల రోజుల నుంచి తిరుగుతున్నావు, ఇంకా ప్లాస్టర్ ఎక్కడుందో తెలీదా? మీ మేడమ్ ఏం చెప్పి పంపింది?" అన్నారు సిస్టర్. పక్కన హౌస్ సర్జన్లు, బెడ్ల మీద పేషెంట్లు, అందరూ నావైపే చూశారు. ఇక ఈ పూట నోరు తెరవకూడదనుకున్నాను.

ఎనిమిదింటికి ఓవర్ ఇచ్చే ముందు, అంటే తర్వాతి డ్యూటీవాళ్లకి వార్డు అప్పగించే ముందు, పద్నాలుగో బెడ్ పెద్దావిడకి గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 16 యూనిట్లు ఇవ్వాలి. వార్డులో మేం రోజూ వాడేది ఎంఎల్‌కి 40 యూనిట్లుండే ఇన్సులిన్, దానికి తగ్గ గీతలుండే ఎర్ర క్యాప్ సిరంజి. ఆ వైల్ (ఇన్సులిన్ సీసా) మాత్రం పెద్దావిడ కొడుకు బయట కొనుక్కొచ్చాడు. దాని మీద 100 అని ఉంది. అది నా కంటికి కనపడింది, అనుమానమూ వచ్చింది. సిస్టర్ నాలుగడుగుల దూరంలోనే టేబుల్ దగ్గర కూర్చుని రిపోర్ట్ బుక్ రాస్తున్నారు. అడగలేదు. ఎర్ర సిరంజిలో 16 గీత దాకా తీశాను.

లెక్క వేసి చూడండి. ఎర్ర క్యాప్ సిరంజిలో 16 గీత అంటే 0.4 ఎంఎల్. వంద యూనిట్ల వైల్‌లో 0.4 ఎంఎల్ అంటే 40 యూనిట్లు. పదహారు ఇవ్వాల్సిన చోట నలభై! అదీ రాత్రంతా పనిచేసే ఇన్సులిన్. పెద్దావిడ అప్పటికి రెండు ఇడ్లీలు కూడా సరిగా తినలేదు.

స్పిరిట్ స్వాబ్ తీసుకుని బెడ్ దగ్గరికి వెళ్తుంటే వెనక నుంచి చెయ్యి పట్టుకుని లాగింది ఆ సిస్టరే. "ఏ వైల్? ఏ సిరంజి? చూపించు." చూసి, సిరంజి లాక్కుని ట్రేలో పడేశారు. తర్వాత పడిన తిట్లు నాలుగింటప్పటివాటికి పదింతలు. వంద యూనిట్ల వైల్‌కి వాడే నారింజ క్యాప్ సిరంజి తెప్పించి నా చేతే మళ్లీ లోడ్ చేయించి, గీత తను చూసి, అప్పుడు వదిలారు.

అడిగినా తిట్టేవారే, అడక్కపోయినా తిట్టారు. కానీ అడిగినందుకు పడే తిట్టు రెండు నిమిషాలది. రెండోది ఇన్నేళ్లయినా పద్నాలుగు నంబరు చూస్తే గుర్తొస్తుంది.

ఇన్సులిన్ ఒక్కటే కాదు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ ఒకే ట్రేలో పక్కపక్కన పడుంటాయి. పొటాషియాన్ని పలచన చేయకుండా నేరుగా వెయిన్‌లోకి కొడితే గుండె ఆగుతుంది. అనుమానం ఉన్నప్పుడు లేబుల్ ఇంకొకరికి చూపించడానికి మొహమాటం ఏంటి?

మరి అరిచే మనిషిని ఎలా అడగాలి? ఓవర్ నడుస్తున్నప్పుడు, రౌండ్స్‌లో, ఆవిడ ఇంజెక్షన్లు లోడ్ చేస్తున్నప్పుడు మామూలు సందేహాలు అడక్కండి. లోడ్ చేసేవాళ్లని కదిలిస్తే లెక్క తప్పుతుంది, ఎవరైనా కసురుకుంటారు. ప్రాణం మీదికొచ్చే విషయమైతే మాత్రం టైము చూడొద్దు. అడిగేటప్పుడు "సిస్టర్, ఇది ఎలా చేయాలి?" అని గాల్లో వదలొద్దు. "సిస్టర్, పద్నాలుగో బెడ్, గ్లార్జిన్ 16. వైల్ వంద, నా దగ్గర ఎర్ర సిరంజి ఉంది. ఒక్కసారి చూస్తారా?" అనండి. బెడ్ నంబర్, మందు, మీ అనుమానం, అంతే. నేను చూసినంతలో, ఇలా అడిగినప్పుడు ఎంత చిరాకులో ఉన్నవాళ్లయినా తల తిప్పి చూస్తారు. ఎందుకంటే ఆ పేషెంటుకి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది వాళ్లే.

ఎప్పుడూ చేయని ప్రొసీజర్ చేయమంటే "నేనింతవరకు చేయలేదు సిస్టర్, మీరు పక్కనుంటే చేస్తాను" అని చెప్పండి. "ఆ మాత్రం రాదా?" అంటారు. అననివ్వండి. "సిస్టర్ చేయమంది, అందుకే చేశాను" అనే మాట తర్వాత ఎవరూ వినరు.

అపోహ: ఆవిడకి నేనంటే పడదు.

చాలావరకు ఆవిడకి మీ పేరు కూడా తెలీదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆసుపత్రుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. మీ వార్డులో నైట్ డ్యూటీకి ఎంతమంది ఉంటున్నారో మీరే లెక్కపెట్టుకోండి. నేను స్టాఫ్‌గా చేసిన రోజుల్లో ముప్పై ఎనిమిది మందిని ఒక్కదాన్నే చూసిన రాత్రులున్నాయి. పొద్దున ఏడున్నరకి వార్డుకి కావాల్సిన సామాన్ల ఇండెంట్ పెండింగ్, ఒక ఎంఎల్సీ (పోలీసులకి చెప్పాల్సిన) కేసు, అటెండర్ల గొడవ. అప్పుడే తెల్ల యూనిఫాంలో పదిమంది పిల్లలు వచ్చి వరసగా "గుడ్ మార్నింగ్ సిస్టర్" అన్నారు. "అడ్డం లేవండి" అన్నాను. ఆ పదిమందిలో ఎవరో నన్ను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటారు. వాళ్లకా హక్కు ఉంది. పని భారం కారణమవుతుంది గానీ ఆ మాటని ఒప్పు చేయదు.

అపోహ: సిస్టర్‌కి కోపమొస్తే ఇంటర్నల్స్ పోతాయి.

ఇంటర్నల్ మార్కులు వేసేది కాలేజీ ఫ్యాకల్టీ. ప్రాక్టికల్ పరీక్షకి ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు ఉంటారు. ఇన్‌చార్జ్ సిస్టర్ మీ గురించి ట్యూటర్‌కి ఒక మాట చెప్పొచ్చు, నిజమే. ఆ మాట వచ్చేలోపు మీరే వచ్చి జరిగింది చెప్పండి. పది మంది విద్యార్థులకి ఒక టీచర్ చొప్పున క్లినికల్స్‌లో ఉండాలన్న నిబంధన పెట్టింది ఇందుకే. మీ ట్యూటర్ వార్డుకి రాకుండా స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటే ఆ తప్పు మాది, మీది కాదు.

అపోహ: ఆ వార్డు ఎగ్గొడితే సరిపోతుంది.

సరిపోదు. క్లినికల్స్‌లో నూరు శాతం అటెండెన్స్ పూర్తయితే గానీ డిగ్రీ చేతికి రాదు. ఎగ్గొట్టిన రోజులు మళ్లీ అదే వార్డులో, సెలవుల్లో చేయాల్సి వస్తుంది.

టీ తెచ్చిపెడితే, సిస్టర్ కూరగాయల సంచి మోస్తే తిట్లు తప్పుతాయనడం, ప్రైవేటు ఆసుపత్రిలో అయితే అందరూ నవ్వుతూ మాట్లాడతారనడం... వీటికి జవాబు కూడా దండగ.

అపోహ: నర్సింగ్‌లో ఇవన్నీ మామూలే, ఏదైనా సరే ఓర్చుకోవాలి.

ఇక్కడ మాత్రం కాసేపు ఆగాలి. కసురుకోవడం వేరు. కొట్టడం, మీ మీదికి ట్రే విసరడం, కులం పేరెత్తి మాట్లాడటం, ఒంటి గురించి వెకిలి మాటలు, తాకడం వేరు. ఇవి చేసింది సిస్టర్ అయినా, డాక్టర్ అయినా, వార్డ్ బాయ్ అయినా దురుసుతనం కిందికి రావు, ఫిర్యాదు కిందికి వస్తాయి. అదే రోజు తేదీ, టైము, వార్డు, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారో కాగితం మీద రాసి ట్యూటర్‌కీ ప్రిన్సిపాల్‌కీ ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం కింద ఆసుపత్రిలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. మీరు అక్కడ ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయొచ్చు. గడువు మామూలుగా మూడు నెలలు. "అమ్మానాన్నలకి తెలిస్తే చదువు మాన్పిస్తారు మేడమ్" అని దాచుకున్న పిల్లలని చూశాను. ముందు ఒక్కరికైనా చెప్పండి. ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలో తర్వాత కూర్చుని ఆలోచిద్దాం.

ఇంతకీ ఆ టీపీఆర్ అమ్మాయి. ఆ రోజు ఇద్దరం కూర్చుని బీపీ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాం. ముందు రేడియల్ పల్స్ మీద వేలు పెట్టి, పల్స్ ఆగేదాకా గాలి కొట్టి ఆ అంకె గుర్తుపెట్టుకోవడం, గాలి మొత్తం తీసి కాసేపు ఆగి, అంతకంటే ముప్పై ఎక్కువకి కొట్టి అప్పుడు స్టెత్ పెట్టడం. అప్పటికీ వినపడకపోతే గడి ఖాళీగా వదిలెయ్, అంకె మాత్రం పుట్టించకు అన్నాను.

మర్నాడు చార్ట్ చూశాను. ఏడో బెడ్ దగ్గర ముందు ఖాళీ వదిలి, పక్కన పెన్సిల్‌తో "వినపడలేదు, సిస్టర్‌కి చెప్పాను" అని రాసింది. తర్వాత పెన్నుతో 150/90.

"తిట్టిందా?" అన్నాను.

"తిట్టింది మేడమ్. తిట్టి, లేచొచ్చి చూసింది. కఫ్‌లో గాలి సంచి చెయ్యి వెనక్కి పోయేలా కట్టానంట."