గాజు గది కొనేముందు తల పైకెత్తి చూడండి

బ్రిటన్‌లో చాలా ఇళ్లకు పెరటివైపు గోడకు ఆనించి, తెల్లటి ప్లాస్టిక్ చట్రాలతో కట్టిన ఒక గాజు గది ఉంటుంది. దాన్ని అక్కడ కన్సర్వేటరీ అంటారు. లండన్ శివార్లలోనో బర్మింగ్‌హామ్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికీ ఇది పరిచయమే. అమ్మేవారు చట్రం నాణ్యత గురించి, తలుపు తాళాల గురించి ఎక్కువ చెబుతారు. కొనేవారు మాత్రం ముందుగా పైకప్పు గురించి, ఆ తర్వాత వాన నీరు ఎటు పోతుందన్న దాని గురించి అడగాలన్నది నా అభిప్రాయం. ఆ గదిలో హాయిగా కూర్చోగలరా లేదా అన్నది చాలావరకు ఈ రెండే తేలుస్తాయి.

ఒకప్పుడు ఇది పూర్తిగా సంపన్నుల ముచ్చట. బ్రిటన్‌లో గాజు మీద బరువును బట్టి పన్ను ఉండేది; దాన్ని 1845లో రద్దు చేశారు. కిటికీల మీద పన్ను 1851లో పోయింది. అదే ఏడాది లండన్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ రూపొందించిన క్రిస్టల్ ప్యాలెస్ అనే భారీ గాజు ప్రదర్శనశాల తెరుచుకుంది. ఇనుము, కలప చట్రాలకు తరచూ రంగు వేయించే స్తోమత లేని మధ్యతరగతికి ఈ గది అందింది మాత్రం ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో, గట్టి పీవీసీ చట్రాలు వచ్చాకే.

ఇప్పుడు ఎండ సంగతి. జూన్ మధ్యాహ్నం ఆకాశం నిర్మలంగా ఉంటే ఇంగ్లండ్‌లో కూడా చదరపు మీటరుకు 800 వాట్లకు పైగా సౌరశక్తి పడుతుంది. కప్పు వైశాల్యం 12 చదరపు మీటర్లు ఉందనుకుందాం. దాని మీద పడేది దాదాపు 10 కిలోవాట్లు, అంటే ఒక్కో కిలోవాటు హీటర్లు పది. అందులో ఎంత లోపలికి వస్తుందన్నది గాజు తీరును బట్టి ఉంటుంది.

వచ్చిన వేడి ఎందుకు బయటకు పోదు? గాజు వెలుతురును రానిచ్చి, లోపలి వస్తువులు వెదజల్లే పరారుణ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది నిజమే గాని, అసలు కారణంలో చిన్న భాగం. 1909లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు పలక, మరొకదానికి పరారుణాన్ని సాఫీగా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. ఎండలోని పరారుణాన్ని ముందే మరో గాజుతో వడకట్టి చూస్తే రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే గదిని ఉడికించేది ప్రధానంగా కదలకుండా నిలిచిపోయిన వేడి గాలి. అందుకే పైకప్పులో తెరుచుకునే కిటికీ ఒకటైనా లేని గాజు గదిని కొనవద్దని గట్టిగా చెబుతాను. కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ తెరిస్తే వేడి గాలి తనంతట తాను పైనుంచి వెళ్లిపోతుంది. పక్క కిటికీలు ఎన్ని ఉన్నా ఆ పని అంత బాగా జరగదు.

పాత గాజు గదుల్లో చాలావాటి కప్పు నిజానికి గాజు కాదు, లోపల గాలి గదులున్న పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ పలకలు. చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోల బరువే కాబట్టి చవక. వాన పడితే మాత్రం ఫోనులో మాట వినపడదు. పది మిల్లీమీటర్ల పలక అయితే శీతాకాలపు రాత్రి, లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, పైన చెప్పిన కప్పు ఒక్కదాని నుంచే దాదాపు 700 వాట్ల వేడి పోతుంది. మధ్యలో ఆర్గాన్ వాయువు నింపి, లోపలి తలం మీద కంటికి కనిపించని లోహపు పూత పూసిన రెండు పొరల గాజు అయితే అది 300 వాట్ల లోపే. ఎండను కూడా తగ్గించే పూత ఉన్న రకాలు దొరుకుతాయి. దక్షిణానికో పడమరకో తిరిగిన గదికి డబ్బు వెచ్చించాల్సింది అక్కడ. అయితే నాలుగేసి మిల్లీమీటర్ల పలకలు రెండు కలిస్తే చదరపు మీటరుకు 20 కిలోలు. పాలీకార్బనేట్ కోసం కట్టిన పాత చట్రం మీద గాజు గాని, పెంకు రకం గట్టి కప్పు గాని పెట్టించాలంటే చట్రం, పునాది ఆ బరువు మోస్తాయో లేదో ముందు లెక్క వేయించాలి.

చట్రానికి వస్తే, పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరిన్, అది ఉప్పు నుంచి వచ్చిందే. ఆ క్లోరిన్ వల్లే దీనికి నిప్పు సులభంగా అంటుకోదు. మెత్తబరిచే రసాయనాలు కలిపితే కరెంటు తీగల తొడుగు అవుతుంది, కలపకపోతే కిటికీ చట్రానికి పనికొచ్చేంత గట్టిగా ఉంటుంది. వేడిని అల్యూమినియంతో పోలిస్తే వెయ్యో వంతు మాత్రమే ప్రసరింపజేస్తుంది. దీనికి శత్రువు అతినీలలోహిత కిరణం. అది తగిలితే అణువుల గొలుసు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిపోయి పసుపు రంగు తేలుతుంది. దాన్ని అడ్డుకోవడానికి తెల్లటి టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. స్థిరత్వం కోసం పూర్వం సీసపు లవణాలు కలిపేవారు. యూరప్ తయారీదారులు 2015 నాటికి వాటిని మానేశారు. కాబట్టి పాత చట్రాన్ని కోసేటప్పుడు, గీకేటప్పుడు వచ్చే పొడిని పీల్చకూడదు.

ఈ ప్లాస్టిక్ బాగా వ్యాకోచిస్తుంది. మూడు మీటర్ల పట్టీ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న గాజు ఒక్క మిల్లీమీటరు. ఈ తేడాను సర్దేది చట్రం లోపలి ఉక్కు పట్టీ, చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలు, కావాలని వదిలిన సందులు. ఎండ ఎక్కినప్పుడు వినిపించే టపటప శబ్దం ఈ సర్దుబాటే, భయపడనక్కర్లేదు. ఆ సందులను సిలికాన్‌తో నింపేయడం మాత్రం హానికరం.

నీటి విషయంలో మరో అపోహ ఉంది. బయటి రబ్బరు దాటి చుక్క నీరు కూడా లోపలికి రాకూడదని అనుకుంటారు. నిజానికి కొంత నీరు వస్తుందని తెలిసే చట్రాన్ని తయారుచేస్తారు. అడుగు పట్టీని బయటినుంచి వంగి చూస్తే చిన్న చీలికలు కనిపిస్తాయి, కొన్నిటికి ప్లాస్టిక్ మూతలుంటాయి. లోపలి గాడిలో చేరిన నీరు వాటిగుండా బయటపడాలి. సాలెగూళ్లు, నాచు, మట్టి వాటిని మూసేస్తే నీరు గాజు అంచు దగ్గరే నిలుస్తుంది, అంచును మూసిన జిగురు పట్టు వదులుతుంది. రెండు గాజుల మధ్య చుట్టూ ఉండే సన్నటి పట్టీలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే పొట్లంలాగా, తేమను పీల్చే గుళికలు ఉంటాయి. అవి నిండిపోయాక లోపల పొగమంచు పడుతుంది, ఇక తుడిచినా పోదు. కిటికీ తెరిచి అడుగు గాడిలో అరగ్లాసు నీళ్లు పోయండి. కాసేపట్లో బయటివైపు కారితే దారి బాగున్నట్టే. హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో ఇప్పుడు విరివిగా పెడుతున్న యూపీవీసీ (మెత్తబరచని గట్టి పీవీసీ) కిటికీలకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. అక్కడ వానాకాలానికి ముందే ఆ చీలికల్లో చేరిన దుమ్ము తీయాలి.

పొగమంచు ఎటువైపు పడిందో చూడటం ముఖ్యం. గదిలోపలి వైపు పడితే లోపల తేమ ఎక్కువన్నమాట: 20 డిగ్రీల గదిలో సాపేక్ష తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి తలం మీదా నీరు చేరుతుంది. శీతాకాలంలో తడిబట్టలు అక్కడ ఆరేయడం మానాలి. తెల్లవారుజామున బయటివైపు పడితే సంతోషించాలి, లోపలి వేడి బయటి గాజు దాకా రావడం లేదని అర్థం. రెండు గాజుల మధ్య పడితే ఆ గాజు జత మార్చాలి. అందుకోసం చట్రం మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీరు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. థిన్నర్, అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ పై తలం కరిగి మెరుపు పోతుంది. గరుకు పీచు గీసిన గీతల్లో మురికి మరింత చేరుతుంది. శరదృతువులో ఆకులు రాలాక, ఇంటి గోడకూ కప్పుకూ మధ్య ఉన్న కాలువను తప్పక శుభ్రం చేయించాలి.

ఇంగ్లండ్‌లో 30 చదరపు మీటర్లలోపు గాజు గదికి సాధారణంగా భవన నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది, కానీ ఇంటికీ దానికీ మధ్య, ఇంటి బయటి తలుపుకు ఉండే నాణ్యత గల తలుపు ఉండాలి, ఇంటి హీటింగు వ్యవస్థను అక్కడికి పొడిగించకూడదు. గది పెద్దదిగా కనిపించాలని ఆ తలుపు తీసేస్తే మినహాయింపూ పోతుంది, శీతాకాలంలో ఇంటి వేడీ పోతుంది. ఈ మినహాయింపు వల్లే పునాదులను ఎవరూ తనిఖీ చేయకపోవచ్చు. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల ఎండలకు కుంచించుకుని, వానలకు ఉబ్బుతుంది; ఇంటి కంటే తక్కువ లోతు పునాది మీద ఉన్న గాజు గది ఇంటితో కలిసి కదలదు. పాత ఇల్లు చూసేటప్పుడు రెండు గోడలు కలిసే చోట పైనుంచి కిందికి చూపు పోనివ్వండి. అక్కడి పగులు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటే గది ఇంటి నుంచి అవతలికి ఒరుగుతోందని అనుమానించాలి. ధర మాట్లాడకముందే ఇంటి కట్టడాన్ని పరీక్షించే సర్వేయర్‌ను పిలిపించండి.