ఎంత పొద్దున్నే లేచినా ఆలస్యమే ఎందుకు? ఉద్యోగం చేసే అమ్మల ఉదయం: అపోహలు – వాస్తవాలు

పిల్లల డాక్టరుగా నేను వినే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఉదయం ఏడుకీ తొమ్మిదికీ మధ్యే ఉంటుంది. తినడం లేదు, బ్రష్ అంటే పారిపోతున్నాడు, డేకేర్ గుమ్మం దగ్గర గుక్కపట్టి ఏడుస్తోంది. పరీక్షిస్తే జబ్బేమీ ఉండదు. పెద్దవాళ్ల గడియారానికీ ఐదేళ్లలోపు పిల్లల వేగానికీ పొత్తు కుదరకపోవడమే అసలు సమస్య. అమ్మలకు దొరికే సలహాలేమో చాలావరకు ఇంకా వేగంగా పరుగెత్తమనేవే. అలాంటివి కొన్నిటి గురించి రాస్తున్నాను.

అపోహ: ఇంకో గంట ముందు లేస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఆ గంట ఎక్కడి నుంచి తెస్తారు? రాత్రి పదకొండున్నరకి పడుకునే మనిషి నాలుగున్నరకి లేస్తే మిగిలేది ఐదు గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర చాలకపోతే ఓపిక తగ్గుతుంది, మరుపు పెరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఉదయం పూట ఈ రెండింటిలో ఏది జరిగినా కష్టమే.

పిల్లల లెక్క ఇంకా పెద్దది. పగటి కునుకుతో కలిపి ఒకటి, రెండేళ్ల వయసు వాళ్లకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఉదయం ఏడింటికి లేవాల్సిన మూడేళ్ల పిల్ల రాత్రి తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి. పదిన్నరకి పడుకోబెట్టి, పొద్దున లేవడం లేదని తిట్టడం న్యాయం కాదు.

ఇంకొకటి. నిద్ర లేచాక మత్తు వదలడానికి ఎవరికైనా సాధారణంగా పావుగంట నుంచి అరగంట పడుతుంది. కళ్లు తెరిచిన నిమిషానికే బాత్రూమ్‌లోకి తీసుకెళ్తే పిల్లలు మొండికేయడంలో వింతేమీ లేదు. లేపాక మొదటి పది నిమిషాలు ఏ పనీ పెట్టకండి. కర్టెన్ తీసి వెలుతురు రానివ్వండి, కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఆ పది నిమిషాలు దండగనిపిస్తుంది కానీ, తర్వాత జరగబోయే అరగంట గొడవను తప్పించేది అదే.

మీరు ముందు లేవాలనుకుంటే, పిల్లలు లేచేసరికి మీరు తయారై ఉండేంత ముందు లేస్తే చాలు. మిగతా పనులన్నీ రాత్రికి జరపండి. పని ఒక్కటే కాదు, నిర్ణయం కూడా. రేపు ఏ బట్టలు, బాక్సులో ఏం పెట్టాలి, డైరీలో సంతకం, నీళ్ల సీసా ఎక్కడుంది అన్నవి పడుకునే ముందే తేలిపోవాలి. బూట్లు, బ్యాగు, తాళాలు గుమ్మం దగ్గర ఒకే చోట ఉండాలి. ఉదయం టైమ్ తినేసేది వంట అనుకుంటాం గానీ, వెతుకులాటకు పోయే టైమే ఎక్కువ.

అపోహ: "టైమ్ అయిపోతోంది" అని తొందరపెడితే పిల్లలు వేగంగా కదులుతారు.

నాలుగేళ్ల పిల్లకు "ఇంకా పది నిమిషాలే ఉంది" అన్న మాటకు అర్థం లేదు. గడియారం చూసి సమయాన్ని అంచనా వేయడం ఆరేడేళ్లకు గానీ రాదు. మీ గొంతులో టెన్షన్ మాత్రం వెంటనే అందుతుంది, దాంతో ఇంకా బిగుసుకుపోతుంది.

ఆ వయసుకు అర్థమయ్యేది వరుస. ఏ పని తర్వాత ఏ పని అన్నది రోజూ ఒకేలా ఉంటే వాళ్లకు ధైర్యం. నిద్ర లేవడం, టాయిలెట్, బ్రష్, తినడం, బట్టలు, బూట్లు. ఈ ఆరింటికీ ఆరు బొమ్మలు గీసి వాళ్ల ఎత్తులో గోడకు అంటించండి. అందంగా ఉండక్కర్లేదు. అప్పుడు "తర్వాత ఏంటి?" అని మీరు అడగొచ్చు, వాళ్లే చూసి చెప్తారు. ఆజ్ఞ గోడ మీద ఉంటుంది కాబట్టి మీతో పోట్లాడాల్సిన పని తగ్గుతుంది.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. వంటగదిలోంచి "లే, బ్రష్ చేసుకో, యూనిఫాం వేసుకో, సాక్స్ ఏవి?" అని అరిస్తే చిన్నపిల్లల తలకెక్కేది చివరి ముక్కే, అదీ ఎక్కితే. దగ్గరికెళ్లి, వాళ్ల కళ్ల ఎత్తుకు వంగి, ఒక్క పని చెప్పండి. అది అయ్యాక రెండోది. "వేసుకుంటావా?" అని అడగకండి, "వద్దు" అంటే ఇరుక్కుంటారు. "ఎర్రదా, నీలందా?" అని అడగండి.

"నేనే వేసుకుంటా" దశలో ఉన్నవాళ్లకు ఏదో ఒకటి వదిలేయండి. ఎలాస్టిక్ ప్యాంటు, వెల్క్రో బూట్లు కొనడం పిల్లల్ని గారాబం చేయడం కాదు. లేసులు కట్టుకోవడం ఐదారేళ్లకు వచ్చే విద్య.

అపోహ: 21 రోజులు పట్టుదలగా చేస్తే అలవాటైపోతుంది.

ఈ 21 అంకె చాలామంది తల్లుల్ని బాధపెట్టింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. అదీ పెద్దవాళ్ల మీద చేసినది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టం లేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి జ్వరం వచ్చిందనో, ఊరెళ్లారనో గాడి తప్పితే మొదటికొచ్చినట్టు కాదు.

అపోహ: డేకేర్‌లో దింపి, పిల్లలు చూడకుండా జారుకుంటే ఏడవరు.

ఆ నిమిషానికి ఏడవరు. కానీ అమ్మ ఎప్పుడైనా మాయమైపోవచ్చని నేర్చుకుంటారు, మరుసటి రోజు నుంచి మిమ్మల్ని కనిపెట్టుకునే ఉంటారు. విడిపోతే భయపడటం ఎనిమిది నెలల వయసులో మొదలై, 10 – 18 నెలల మధ్య బాగా ఎక్కువగా ఉండి, మూడేళ్లకు సాధారణంగా తగ్గుతుంది. ఎదుగుదలలో అదొక భాగం. చెప్పే వెళ్లండి: ఒక ముద్దు, "నిద్ర లేచాక వస్తా" అని ఒక మాట, అంతే. ఏడుస్తోందని మూడుసార్లు వెనక్కి వస్తే ఏడుపు మూడింతలవుతుంది.

అపోహ: ఇంట్లో తినకపోతే దారిలో తినిపించవచ్చు.

కదిలే బండిలో వద్దు. వెనక సీట్లో బిడ్డకు గొంతులో అడ్డం పడితే ముందున్న మీకు తెలియకపోవచ్చు, ఆ స్థితిలో శబ్దం కూడా రాదు. లేవగానే ఆకలి లేని పిల్లలు చాలామందే ఉంటారు. తినడాన్ని బట్టలు వేసుకున్నాక పెట్టి చూడండి. ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాళ్ల ఇష్టం. తక్కువ తింటే తర్వాతి పూట తింటారు. ఫోన్ చూపించి మింగించే పద్ధతికి నేను వ్యతిరేకిని: నోట్లో ఏముందో చూసుకోకుండా తినే పిల్లలకు కడుపు నిండిన సంగతీ తెలియదు.

అపోహ: సిరప్ వేస్తే జ్వరం తగ్గింది, పంపించవచ్చు.

మందు జ్వరాన్ని దించింది, జబ్బును కాదు. మధ్యాహ్నానికి మళ్లీ 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) పైన ఉంటుంది, మీకు ఫోన్ వస్తుంది. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపాలి. సెలవు దొరకడం ఎంత కష్టమో తెలిసే చెప్తున్నాను. ఆ రోజు ఎవరు ఇంట్లో ఉండాలన్నది జ్వరం రాకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

చిన్నవి రెండు. బ్రష్ పిల్లలే చేసుకుంటారులే అనుకోకండి, ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లు సాయం చేయాల్సిందే. మూడేళ్లలోపు వాళ్లకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠానీగింజంత చాలు. స్నానం పొద్దున్నే చేయించాలన్న వైద్య నియమమేదీ లేదు, సాయంత్రానికి మార్చుకోవచ్చు.

అపోహ: నాన్న ఏదో ఒకటి అందిస్తే చాలు.

"ఏం చేయమంటావో చెప్పు" అని అడిగే మనిషికి పని చెప్పడం కూడా అమ్మకు ఒక పనే. అడపాదడపా సాయాలు కాకుండా, ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా అప్పగించండి. బ్రష్, బట్టలు, బూట్లు నాన్నవి అనుకుంటే, సాక్స్ దొరకని రోజు వెతుక్కోవాల్సింది కూడా ఆయనే. మొదట్లో చొక్కా గుండీలు తప్పు కాజాల్లోకి వెళ్తే వెళ్లనివ్వండి.

అపోహ: నా బిడ్డను నేనెలా మరిచిపోతాను?

అలవాటైన ఉదయం ఆలోచించకుండా నడుస్తుంది. దాని సుఖమూ అదే, ప్రమాదమూ అదే. రోజూ నాన్న దింపే బిడ్డను ఒకరోజు అమ్మ తీసుకెళ్లడం, బిడ్డ వెనక సీట్లో నిద్రపోవడం, అమ్మ అలవాటు కొద్దీ నేరుగా ఆఫీసుకు వెళ్లిపోవడం. ఇలా కారులో మిగిలిపోయి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి, ఆ తల్లిదండ్రుల్లో చాలామంది జాగ్రత్తపరులే. ఎండలో ఆపిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే దాదాపు 11 డిగ్రీలు పెరగగలదు. ఆఫీసు బ్యాగు, ఫోన్ వెనక సీట్లో బిడ్డ పక్కన పెట్టండి. ఎవరు దింపాలన్నది మారిన రోజు, దింపాక రెండోవాళ్లకు మెసేజ్ పెట్టాలని ఒప్పందం చేసుకోండి. బిడ్డ రాకపోతే వెంటనే ఫోన్ చేయమని డేకేర్ వాళ్లకు ఈ వారమే చెప్పి, రెండో నంబరు కూడా ఇచ్చి రండి.