‘పడదు’ అన్నదల్లా అలర్జీయేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అలర్జీ క్లినిక్‌లో నేను రోజూ వినే మాట ‘పడదు’. ఆ మందు పడదు, దుమ్ము పడదు, పాలు పడవు. ఈ ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు సమస్యలు దాక్కుని ఉంటాయి. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: తగిలిన ఎంతసేపటికి వచ్చింది?

అపోహ: ఇమ్యూనిటీ తగ్గితే అలర్జీ వస్తుంది.

వాస్తవం: ఇక్కడ ఇమ్యూనిటీ తగ్గదు, గురి తప్పుతుంది. పుప్పొడి లాంటి హాని లేనిదాన్ని శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి చర్మం, ముక్కు, ఊపిరితిత్తులు, పేగుల్లోని మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. అదే పదార్థం మళ్లీ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి తాకిందంటే చాలు, కణంలో ముందే నిల్వ ఉన్న హిస్టమిన్ అనే రసాయనం నిమిషాల్లో బయటపడుతుంది. సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి దద్దురు లేస్తుంది, నరాల కొసలు రేగి దురద పుడుతుంది. అలర్జీ తగ్గాలని ‘ఇమ్యూనిటీ బూస్టర్లు’ వాడేవాళ్లను చూస్తే, అసలు దేన్ని పెంచుదామనుకుంటున్నారని అడగాలనిపిస్తుంది.

అపోహ: ఇన్నేళ్లుగా వాడుతున్నదే, దానికి అలర్జీ ఎలా వస్తుంది?

వాస్తవం: వాడుతూ వాడుతూనే వస్తుంది. ముందు పరిచయం, ఆ తర్వాతే పగ. హెయిర్ డై ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో ఐజీఈ పాత్ర లేదు, పని చేసేది టి-కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. అవి పోగుపడి చర్మం రేగడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా మనిషి నిన్న మార్చిన సబ్బును తిట్టుకుంటుంటాడు, దోషి మొన్నటి డై. ఇలాంటి ఆలస్యపు అలర్జీని పట్టే ప్యాచ్ టెస్ట్‌లో, అనుమానిత పదార్థాలతో వీపుకు అంటించిన పట్టీలను 48 గంటల తర్వాత గానీ తీయకపోవడానికి కారణం ఇదే. తీశాక ఇంకో రెండు రోజులకు మళ్లీ చూస్తాం.

1963లో జెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు ఇమ్యూనిటీ చేసే ఈ అతి స్పందనలను నాలుగు రకాలుగా విభజించారు. పైన చెప్పినవాటిలో ఐజీఈది ఒకటో రకం, టి-కణాలది నాలుగోది. గ్రూపు కలవని రక్తం ఎక్కిస్తే కణాలు పగిలిపోవడం రెండో రకం. మందు తీసుకున్న వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులతో వచ్చే సీరం సిక్‌నెస్ మూడోది.

అపోహ: టెస్టులో పాజిటివ్ వచ్చినవన్నీ మానేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించే అపోహ ఇదే. స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో ముంజేతి మీద అనుమానిత పదార్థాల ద్రావణాల చుక్కలు వరసగా వేసి, ఒక్కో చుక్కలోంచి చర్మాన్ని సూదిమొనతో పైపైన గుచ్చుతాం. పావుగంటకు దోమకాటు లాంటి పొంగు లేస్తుంది. ఆ పదార్థమేదీ కలపని ఉత్త ద్రావణం చుక్క దగ్గర లేచిన పొంగు కన్నా అది కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్ అంటాం. దానర్థం ఐజీఈ ఉందని మాత్రమే. తిన్నప్పుడు ఏమీ కాకపోతే అది అలర్జీ కాదు. కాగితం చూసి పిల్లలకు సగం తిండి మాన్పించేవాళ్లు ఉంటారు, ఆ పిల్లలు బరువు తగ్గి మా దగ్గరికి వస్తారు.

అపోహ: పాలు తాగితే కడుపు ఉబ్బరం, అంటే అలర్జీ.

వాస్తవం: చాలావరకు కాదు. లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తక్కువగా ఉండటం, అంతే.

అపోహ: ఎంత అలర్జీ అయినా సెటిరిజిన్ మాత్రతో సరి.

వాస్తవం: దురదకు, దద్దుర్లకు సరే. ఊపిరాడకపోయినా, బీపీ పడిపోయినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాల మీదికి తెచ్చే తీవ్ర అలర్జీ. దానికి మొదటి మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. మాత్ర పనిచేస్తుందేమోనని ఎదురుచూడకూడదు. మనిషి తేరుకున్నాక కూడా కొన్ని గంటలు పరిశీలనలో ఉంచుతాం. ఆ పదార్థం మళ్లీ తగలకపోయినా, కొందరికి రెండో విడత మొదలవుతుంది.