మోకాళ్ళ అరుగుదల: కోనసీమలో రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్ళు. సార్వాకూ దాళ్వాకూ ఊడ్పులు, కలుపుతీతలు చేసినవారు కొందరు. కత్తిపీట ముందు సగం జీవితం గడిపినవారు కొందరు. అందరి చేతిలోనూ ఎక్స్‌రే కవరు, అందరిదీ ఒకే మాట: "గుజ్జు అరిగిపోయిందటండి, నడవొద్దన్నారు."

అపోహ: నడిస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. తిరిగిన కొద్దీ అరిగిపోవడానికి మోకాలు లారీ టైరు కాదు. మనం గుజ్జు అంటున్న మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలి, దాని మీద బరువు పడి, మళ్ళీ తగ్గినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. మంచం పట్టుకుంటే ఆ పోషణ తగ్గుతుంది. తొడ ముందు కండరం కూడా సన్నబడుతుంది. కండరం కాయాల్సిన బరువు కీలు మీద పడి నొప్పి పెరుగుతుంది. దాంతో ఇంకాస్త నడక మానేస్తారు.

చేయవలసింది ఇది. మంచం మీద కాలు చాపి, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కండి. తొడ మీద చెయ్యి వేస్తే కండరం బిగుసుకున్నట్టు, చిప్ప పైకి జరిగినట్టు తెలియాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రెండు పూటలా. ఇది తేలికయ్యాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టండి; కష్టమైతే కుర్చీలో దిండు వేసుకోండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండడం ప్రమాదం కాదు. మర్నాటికి పెరిగితే లెక్క తగ్గించండి, మానకండి. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే విసుగుపడి సూది మందు కోసం వెళ్ళిపోతారు!

నడకకు కాలువ గట్టు మంచిదే, వానాకాలంలో మాత్రం సిమెంటు రోడ్డే మేలు. కర్ర పట్టుకోవడానికి నామోషీ వద్దు. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. ఎక్కువమంది అదే వైపు పట్టుకుంటారు.

అపోహ: ఎక్స్‌రేలో ఎంత అరిగితే అంత నొప్పి.

కాదు. బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా తిరిగేవారున్నారు. కొద్దిపాటి మార్పుకే నిద్ర పట్టనివారూ ఉన్నారు.

అపోహ: వంకాయ, గోంగూర, చింతపండు వాతం చేస్తాయి.

ఇవి మానేస్తే అరుగుదల ఆగుతుందనడానికి ఆధారం లేదు. చేపల పులుసు మాన్పించి మనిషిని ఉసూరుమనిపించడం నాకు నచ్చదు. చూసుకోవాల్సింది బరువు. అధిక బరువు ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలో తేలింది. కాబట్టి పళ్ళెంలో అన్నం కొలత చూడండి, గోంగూర సంగతి వదిలేయండి. యూరిక్ యాసిడ్‌తో వచ్చే గౌట్ వేరే జబ్బు. అలాగే రెండు చేతుల వేళ్ళ కీళ్ళు వాచి, పొద్దున్న బిగుతు గంటకు పైగా ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు; డాక్టరుకు చూపించండి. అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది.

అపోహ: పొట్లాల మందుతో గుజ్జు మళ్ళీ పెరుగుతుంది.

గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మందు ఇప్పటికి లేదు. కాల్షియం ఎముకకు పనికొస్తుంది, గుజ్జుకు కాదు. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమిన్ మాత్రల మీద ఖర్చు పెట్టే ముందు ఆలోచించండి; పెద్ద పరీక్షల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పేరూ ఊరూ లేని పొడితో నాలుగు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషపడకండి, అనుమానించండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, సుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాగని మీకు మీరుగా హఠాత్తుగా ఆపేయకూడదు, డాక్టరు సలహాతోనే తగ్గించాలి. నొప్పి మాత్రలూ సొంతంగా వేసుకోవద్దు. కిడ్నీ, బీపీ, కడుపు పుండు ఉన్నవారికి మరీ ప్రమాదం. మోకాలికి ముందుగా డైక్లోఫెనాక్ జెల్ లాంటి పైపూత గురించి అడగండి.

అపోహ: ఆపరేషన్ చేస్తే మంచాన పడతారు.

చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే ఊతంతో నడిపిస్తారు. మోకాలి మార్పిడి చేసిన కీళ్ళలో వందకు సుమారు 80 పాతికేళ్ళు నిలుస్తున్నాయని విదేశీ రికార్డుల లెక్క. వ్యాయామం, బరువు తగ్గడం, మందులు అన్నీ అయ్యాక కూడా రాత్రి నిద్ర లేక, వీధి చివరికి నడవలేకపోతుంటే సర్జనును కలవండి. ఆపరేషన్ తేదీ ఖాయమైనా పైన చెప్పిన తువ్వాలు వ్యాయామం ఆపకండి. తొడలో బలం ఉన్నవారు తర్వాత త్వరగా కోలుకుంటారు.