తెల్లవారుజాము కల నిజమవుతుందా?

మా ప్రొద్దుటూరులో ఎండాకాలం వస్తే పక్కలన్నీ మిద్దె మీదికే. పొద్దున లేచి కలొచ్చిందని చెబితే మా అవ్వ ముందు అడిగేది ఏం కల అని కాదు, ఏ జాములో వచ్చిందని. మొదటి జాము కల ఏడాదికి ఫలిస్తుందట, తెల్లవారుజాముదైతే రోజుల్లోనే. మొన్న మా బంధువు ఒకామె తెల్లారగట్ల కలలో కొడుక్కి యాక్సిడెంట్ అయినట్టు చూసి, అతన్ని కడప బస్సు ఎక్కనివ్వలేదు, వారం రోజులు టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినలేదు. ఆమె అవస్థ చూశాకే ఇది రాయాలనిపించింది.

మనిషి మెదడులోని కరెంటు తరంగాలను రికార్డు చేయొచ్చని జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. కలల పరిశోధనలో అసలు మలుపు మాత్రం చికాగోలో. అక్కడ నిద్ర మీద పరిశోధించే నథానియల్ క్లైట్‌మన్ దగ్గర చదువుతున్న యూజీన్ అసెరిన్‌స్కీ, తన ఎనిమిదేళ్ల కొడుకు కళ్ల పక్కన తీగలు అతికించి నిద్రపుచ్చాడు. రాత్రి మెషీన్ ముల్లు ఎంత జోరుగా గీతలు గీసిందంటే, పిల్లవాడు లేచాడనుకున్నాడు. వెళ్లి చూస్తే మంచి నిద్రలో ఉన్నాడు, రెప్పల కింద కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ పరిగెడుతున్నాయి. 1953లో గురుశిష్యులు బయటపెట్టిన ఈ నిద్రనే రెమ్ నిద్ర, అంటే కళ్లు వేగంగా కదిలే నిద్ర, అంటారు. ఆ సమయంలో లేపితే ఎక్కువమంది కల చెప్పారు. మామూలు నిద్రలోనూ కలలొస్తాయని తర్వాత తేలింది గానీ, అవి సాధారణంగా ఇంత రంగులతో ఉండవు.

ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చూసింది నాకు ఇంకా ఆశ్చర్యం. రెమ్ నిద్రలో మెదడు మేలుకున్నట్టే ఉంటుంది, ఒళ్లు మాత్రం పూర్తిగా వదులైపోతుంది. మెదడు కాండంలో, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే చోట, ఒక చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, పిల్లి నిద్రలోనే లేచి లేని ఎలుకను వేటాడింది. అంటే మనం కలలో పరిగెత్తినా మంచం దిగకుండా ఆపే తాళం అక్కడుంది.

1977లో హాబ్సన్, మెక్‌కార్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మాటన్నారు: మెదడు కాండం నుంచి వచ్చే గజిబిజి సంకేతాలను పైమెదడు కథగా కుట్టుకుంటుంది, అదే కల. మార్క్ సోమ్స్ అనే మరో పరిశోధకుడు దీన్ని ఒప్పుకోలేదు. మెదడు ముందువైపు లోపలి భాగం, కోరికలను నడిపే చోటు, దెబ్బతిన్న రోగుల్లో రెమ్ నిద్ర ఉన్నా కలలు ఆగిపోయాయని చూపించాడు. 1990ల స్కాన్లలో, రెమ్ నిద్రలో భయాన్ని పుట్టించే అమిగ్డాలా చురుగ్గా, తర్కం చూసే ముందుభాగం మందకొడిగా కనిపించాయి. కలలో భయం అంత నిజంగా ఉండేది అందుకేనని నాకనిపిస్తుంది.

ఇక జాము లెక్క. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. మొదటి చుట్టులో రెమ్ కొద్ది నిమిషాలే, తెల్లవారే కొద్దీ అరగంట దాకా సాగుతుంది. పైగా అందులోంచి నేరుగా మెలకువ వస్తుంది కాబట్టి కల గుర్తుండిపోతుంది. ఆ జాము కల బలమైనదని మా అవ్వ పట్టుకున్నది నిజమే, ఫలిస్తుందన్నదే తప్పు. మా బంధువుకీ ఇదే చెప్పాను: కొడుకు గురించి ఆమె పగలంతా మోసిన భయమే ఆ కలలోకి వచ్చి ఉంటుంది, ముందు జాముల్లో అలాంటిదే వచ్చినా లేచేసరికి మరిచిపోయి ఉంటుంది.