మన మిలట్రీ తాతల యూనిట్ పేర్లు ఎక్కడ తప్పుతున్నాయి

మా అమ్మ వాళ్ళ ఊళ్ళో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చిన వాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మా తాతయ్య మీద అర పేజీ ఉంది, "1937లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరి" అని మొదలవుతుంది. చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ఆ మొదటి లైనే తప్పు. ఎందుకంటే ఖర్చు తగ్గించుకోవాలని మద్రాస్ రెజిమెంట్ రెగ్యులర్ బెటాలియన్లన్నిటినీ 1928 కల్లా రద్దు చేసేశారు, మళ్ళీ యుద్ధమొచ్చి మనుషులు కావాల్సొచ్చాకే దాన్ని తిరిగి నిలబెట్టారు. మధ్యలో టెరిటోరియల్ ఫోర్స్ (పూర్తికాలం కాని సైనికుల) బెటాలియన్లు మాత్రం ఉండేవి, ఆయన వాటిలో లేరు. బెంగళూరులో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో పనిచేశారు, డిశ్చార్జి సర్టిఫికెట్ మీద ఆ పేరే ఉంది. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. రాసినాయన అబద్ధం రాయలేదు, "మద్రాస్" అని విన్నాడు, ఈరోజు అందరికీ తెలిసిన పేరు పెట్టేశాడు అంతే.

ఇది మా ఒక్క ఇంటి సమస్య కాదు. ఇంతకన్నా పెద్ద చిక్కు "హైదరాబాద్" అనే మాట దగ్గరుంది, అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నిజాం రాజ్యంలో రెండు వేరువేరు సైన్యాలుండేవి. ఒకటి నిజాం సొంతది. ఇంకోటి హైదరాబాద్ కంటింజెంట్, పేరుకి నిజాందే కానీ ఆఫీసర్లు బ్రిటిష్ వాళ్ళు, దాని ఖర్చు కోసమే 1853లో బేరార్‌ని (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) ఇంగ్లీషు వాళ్ళ చేతికి ఇవ్వాల్సొచ్చింది. 1903లో ఆ కంటింజెంట్ పదాతి దళాల్ని ఇండియన్ ఆర్మీలో కలిపేసి 94 నుంచి 99 దాకా నంబర్లిచ్చారు, 1922లో వాటితోనే 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. అప్పటికే అందులో కుమావ్ కొండల వాళ్ళు, జాట్లు, అహీర్లు ఎక్కువ, హైదరాబాద్‌తో మిగిలిన సంబంధం దాదాపు పేరొక్కటే. అందుకే 1945 అక్టోబర్ 27న దాన్ని కుమావ్ రెజిమెంట్ అని మార్చారు. మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ గారినే చూడండి, కమిషన్ వచ్చింది 8/19 హైదరాబాద్‌లో (అంటే 19వ హైదరాబాద్ రెజిమెంట్ 8వ బెటాలియన్), 1947 నవంబర్ 3న బద్గాంలో ప్రాణమిచ్చింది 4 కుమావ్ డి కంపెనీ కమాండర్‌గా. ఇది తెలియకపోతే ఆయన రెజిమెంట్ మారాడేమో అనుకుంటాం, ఇంకా ఘోరంగా నిజాం సైన్యంలోంచి వచ్చాడని రాసేస్తాం.

మలయా (ఇప్పటి మలేసియాలోని ప్రాంతం) యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఇది మరీ ముడిపడిపోయింది, ఎందుకంటే ఆ రెండు హైదరాబాద్‌లూ అక్కడున్నాయి. 1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్ళు కోటా భారు ఒడ్డున దిగినప్పుడు అక్కడి ఎయిర్‌ఫీల్డ్ కాపలాలో ఉన్నది నిజాం స్టేట్ ఫోర్సెస్ (అంటే ఆయన సొంత సైన్యం) వాళ్ళ 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల కింద నలిగిపోయింది ఇండియన్ ఆర్మీ 4/19 హైదరాబాద్. ఇద్దరి మీదా "హైదరాబాద్" అనే ఉంటుంది, ఒకరి యుద్ధం ఇంకొకరి ప్రొఫైల్‌లోకి ఎక్కడానికి ఆ ఒక్క మాట చాలు. పైగా మన దగ్గర నిజాం సైనికుడు అనగానే 1948 పోలీస్ యాక్షన్ గుర్తొస్తుంది, ఆ గొడవతో ఏ సంబంధమూ లేని మనిషి పేరుకి అది అంటుకుంటే వాళ్ళ పిల్లలు ఎంత బాధపడతారో.

ఇక తర్వాతి కాలం వాళ్ళ విషయంలో "రెజిమెంట్" అనే మాటే దారి తప్పిస్తుంది. పదాతి దళంలో రెజిమెంట్ అంటే చాలా బెటాలియన్ల కుటుంబం, ఆర్టిలరీలో మాత్రం ఒక బెటాలియన్ అంత యూనిట్. ఈఎంఈ (వాహనాలు, ఆయుధాలు రిపేరు చేసే విభాగం) వాళ్ళు, సిగ్నల్స్ (సమాచార విభాగం) వాళ్ళు వేరే యూనిట్‌కి అటాచ్ అయి ఏళ్ళకేళ్ళు ఉంటారు, ఇంట్లో ఆ యూనిట్ పేరే చెప్తారు, కాగితం మీద కోర్ (వాళ్ళ సొంత విభాగం) పేరుంటుంది, రెండూ నిజమే. అందుకే సవరించే ముందు డిశ్చార్జి బుక్కు చూడాలి, సర్వీస్ నంబర్ చూడాలి, స్వతంత్రం తర్వాతి మెడల్స్ అయితే అంచు మీద సన్నగా చెక్కిన నంబర్, ర్యాంకు, పేరు, యూనిట్ చదవాలి, భూతద్దం పెట్టుకునైనా సరే. పెన్షన్ లేకుండా వచ్చేసిన వాళ్ళ ఫైళ్ళని రికార్డ్స్ ఆఫీసులు 25 ఏళ్ళ తర్వాత తీసేస్తాయి, లాంగ్ రోల్ (సైనికుల పేర్లు, ముఖ్య వివరాలు ఉండే రిజిస్టర్) మాత్రం ఉంచుతాయి, కాబట్టి ట్రంకు పెట్టెలో ఉన్న కాగితమే చాలా ఇళ్ళకి మిగిలిన సాక్ష్యం.

ఇంకో తప్పు కూడా చూశాను, సరిచేసే వాళ్ళే పాత పేరు కొట్టేసి ఇప్పటి పేరు పెడుతున్నారు. 1943లో లేని పేరుని 1943 పక్కన రాస్తే అది ఇంకో తప్పే అవుతుంది కదా. ఆ రోజున ఆ యూనిట్‌ని ఏమని పిలిచారో అదే రాయాలి, ఇప్పటి పేరు పక్కన చెప్పొచ్చు. మా తాతయ్య పేజీకి పుస్తకం వాళ్ళకి రాసిచ్చింది కూడా అలాగే: "1937లో బెంగళూరులో క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో చేరారు, దాన్నే ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటున్నారు."